పాస్కా కాలపు ధ్యానాల పుస్తకం: ఏ పేజీల కోసం కొనాలి?

ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. బైబిల్లోని అపోస్తలుల కార్యాల మీద రాసిన పేజీల కోసం కొనండి. యోహాను సువార్త మీద రాసినవాటి కోసమే అయితే డబ్బులు దండగ.

మాది బరంపురం. పట్టుచీరలకి ఫాల్స్ వేయడం, జాకెట్లు కుట్టడం నా పని. మా కథోలిక గుడిలో పూజ ఒడియాలో. తెలుగులో ఏదైనా చదువుకోవాలంటే ఆంధ్రా నుంచి తెప్పించుకోవాల్సిందే. ఇచ్ఛాపురంలో ఉండే మా ఆడపడుచు ఈ పుస్తకం తెచ్చిచ్చింది. వెల 60 రూపాయలు. పాస్కా కాలమంటే ఈస్టర్ నుంచి పెంతెకోస్తు పండుగ దాకా, 2026లో ఏప్రిల్ 5 నుంచి మే 24 వరకు; రోజుకో పేజీ. పైన ఆనాటి పఠనాలు, అంటే ఆ రోజు గుడిలో చదివే బైబిలు భాగాలు, కింద ధ్యానం, చివర చిన్న ప్రార్థన.

మొదటి వారం బాగుంది. ఆ వారమంతా సువార్తల్లో చనిపోయి లేచిన క్రీస్తు కనబడిన ఘట్టాలే కాబట్టి, ఎవరు రాసినా బాగానే వస్తుందనుకోండి. కానీ శుక్రవారం పేజీ నాకు నచ్చలేదు. తిబేరియ సరస్సు ఒడ్డున ప్రభువు శిష్యులకి చేపలు కాల్చిపెట్టిన ఘట్టం అది. రాసినాయన 153 చేపల లెక్క పట్టుకుని, ఆ అంకెకి అర్థాలు చెబుతూ పేజీ అంతా నింపేశారు. గోపాలపురంలో వేటకెళ్లే మా పెద్దమ్మ కొడుక్కి చదివి వినిపిస్తే, "లెక్క సరే అక్కా, అంత బరువుకి వల చిరగలేదంటున్నారు, దాని గురించి ఏం రాయలేదేంటి?" అన్నాడు. రాత్రంతా తిరిగి ఉత్త చేతుల్తో ఒడ్డుకొచ్చినవాడికి నిప్పులు రాజేసి, వేడివేడిగా తిండి పెట్టడమంటే ఏమిటో వాడికి తెలిసినట్టు ఆ పేజీ రాసినాయనకి తెలియదు.

అదే మనిషి ఆరవ వారం సోమవారం లూదియా గురించి ఎంత బాగా రాశారో! ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే వ్యాపారి ఆవిడ, సొంతూరు తుయతైర. ఆ రంగుని అప్పట్లో సముద్రపు నత్తల నుంచి తీసేవారట, అందుకే డబ్బున్నవాళ్లే కట్టేవారట. ఆవిడని ఉత్త భక్తురాలని చెప్పి ఊరుకోలేదు. బేరం తెలిసిన మనిషి, సొంత ఇల్లున్న మనిషి, ఇంటిల్లిపాదితో జ్ఞానస్నానం తీసుకుని, అపోస్తలుడు పౌలుని, వెంట ఉన్నవాళ్లని పట్టుబట్టి ఇంటికి తీసుకెళ్లిన మనిషి అని రాశారు. ఆ రోజు నా చేతిలో వంకాయరంగు బరంపురం పట్టు ఉంది. అంచు దగ్గర సూది దిగదు, కాస్త తొందరపడితే పోగు లాగేస్తుంది. నిదానంగా కుడుతూ, మనవడి చేత చదివించుకోలేక, నేనే ఆ పేజీ మళ్లీ పైకి చదువుకున్నాను. మనవడికి తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. వాడికి ఎవరైనా చదివి వినిపించాల్సిందే. ఇక్కడ మన తెలుగు ఇళ్లలో పిల్లలందరిదీ ఇదే సంగతి. పేజీలు చిన్నవి కావడం అందుకు బాగా పనికొచ్చింది. భాష మాత్రం అక్కడక్కడా మరీ గ్రాంథికం. చదువుతూ చదువుతూ నేనే మామూలు మాటల్లోకి మార్చి చెప్పాను.

యోహాను సంగతి. మూడవ వారం సోమవారం నుంచి శనివారం దాకా సువార్త ఆరవ అధ్యాయమే, జీవాహారం గురించి. ఆరు రోజులూ ఒకటే ప్రసంగం, మొదటి వాక్యం మాత్రం మారుతుంది. నాలుగవ వారం గురువారం నుంచి కడరాత్రి భోజనం దగ్గర ప్రభువు చెప్పిన మాటలు మొదలవుతాయి. అక్కడ ఇంకా నీరసం. ప్రేమించాలి, క్షమించాలి, సరే. ఎవరిని, ఎప్పుడు, ఎలా అన్నది ఒక్కచోటా లేదు.

ఇంకో లోపం. క్రీస్తు పరలోకానికి వెళ్లిన మోక్షారోహణ పండుగని గురువారం మే 14న వేశారు. మా గుడిలో దాన్ని తర్వాతి ఆదివారం చేస్తారు. 2026లో అపోస్తలుడు మత్తీయ పండుగ అదే రోజు పడింది గాని, మామూలుగా అయితే ఆరవ వారం గురువారం రావలసిన పఠనం పుస్తకంలో లేకుండా పోయింది. అదేమో కొరింథులో పౌలు అక్విలా, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి గుడారాలు కుట్టిన భాగం. లూదియా పేజీ చదివాక నేను ఎదురుచూసింది దానికోసమే. పండుగని ఆదివారం చేసే గుళ్లు కూడా ఉంటాయని అచ్చేసేవాళ్లకి తెలియదా? అరపేజీ కలిపితే పోయేది.

పేజీ మీద ఉత్త తేదీ వేయడం కూడా తెలివితక్కువ పనే. పాస్కా కాలంలో మామూలు రోజుల పఠనాలు ఏటా అవే. తేదీ బదులు "రెండవ వారం మంగళవారం" అని వేసుంటే ఏటా తీసి చదువుకోవచ్చు. నేను పెన్సిల్‌తో ప్రతి పేజీ మీదా వారం పేరు రాసుకున్నాను, మీరూ రాసుకోండి. ఆదివారం పఠనాలది ఎ, బి, సి అని మూడేళ్ల వరస, 2026ది 'ఎ' సంవత్సరం కాబట్టి ఆ పేజీలు వచ్చే ఏడాదికి సరిపోవు. నష్టమేం లేదు, ఆదివారం ఎలాగూ ఫాదర్ గారి ప్రసంగం వింటాం.