లేజర్ పడవ, దాని ట్రైలరు: గౌతమిలో వాడి చూశాక చెబుతున్న మాట

తెరచాప పడవ కొనాలని ఉందా? పడవ కంటే ముందు ట్రైలరు చూడండి, ట్రైలరు కంటే ముందు రేవు చూడండి. లేజర్ అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, అది ఎలాంటిదో ఇంటర్నెట్ నిండా ఉంది. దాన్ని అమలాపురంలో ఇంటి పెరట్లో పెట్టుకుని, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వారధి దాటించి, యానాం దగ్గర గౌతమిలో దింపడం ఎలా ఉంటుందో మాత్రం నాకెక్కడా దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నేను నేర్చుకున్నది హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ మీద. ఊరికి వచ్చేశాక సెకండ్ హ్యాండ్‌లో లేజర్ రేడియల్ కొన్నాను. టోక్యో ఒలింపిక్స్‌లో మన నేత్రా కుమనన్ నడిపింది ఈ రకమే. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ దాదాపు 59 కిలోలు. ఇదే పడవకి 7.06, 5.76, 4.7 చదరపు మీటర్ల తెరచాపలు మూడు దొరుకుతాయి. తెరచాపతో పాటు, దాన్ని నిలబెట్టే కొయ్యలో కింది ముక్క మారిస్తే చాలు. సన్నగా ఉండే నాకు మధ్యది సరిపోయింది, రేడియల్ అనేది దాన్నే. మావారు బరువైన మనిషి, ఆయనకి పెద్దది కావాలి.

బిగించడం చాలా తేలిక. కొయ్య రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దిగుతుంది. దిండుకి గలీబు తొడిగినట్టు తెరచాపని కొయ్యకి తొడిగి, పడవలో ఉన్న గుంటలో నిలబెట్టడమే. పట్టి ఉంచే తీగలేవీ ఉండవు. పొడుగు ముక్క కూడా పడవ కంటే పొట్టి కాబట్టి రోడ్డు మీద వెనక ఏమీ పొడుచుకు రాదు. అయితే పేరుకే కొయ్య, నిజానికి అల్యూమినియంది, నిలబెడితే ఆరు మీటర్లు. మన లంక ఊళ్ళలో కరెంటు తీగలు ఎంత కిందకి వేలాడతాయో తెలుసుగా. పైకి చూడకుండా కొయ్య ఎత్తొద్దు. ఎత్తాక పడవని తీగల కింద నుంచి నడిపించొద్దు.

పాత పడవ కొనేవాళ్ళు కొయ్య దిగే గుంట నిండా నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగండి. నీళ్ళు తగ్గితే అడుగున పగులున్నట్టే, బేరం వదిలేయండి. తర్వాత గుంట చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోతే లోపల ఫోము నీరు తాగిందన్నమాట. నేను చూసిన ఒక పడవ పైకి తళతళలాడుతోంది, నొక్కితే మాత్రం తడి అట్టలా దిగింది. అమ్మేవాళ్ళ మొహం చూసి మొహమాటపడకండి.

ఇక ట్రైలరు. రెండు భాగాలది తీసుకోండి. పడవ చిన్న ట్రాలీ మీద ఉంటుంది, ఆ ట్రాలీ రోడ్డు ట్రైలరు మీదకి ఎక్కుతుంది. రేవులో ట్రాలీ ఒక్కటే నీళ్ళలోకి దిగుతుంది, రోడ్డు చక్రాల బేరింగులకి ఉప్పునీరు తగలదు. వేసవిలో యానాం దాకా ఉప్పు ఎగదన్నుతుంది కాబట్టి మనకిది తప్పనిసరి. నా ట్రైలరు చేసిన వర్క్‌షాపు వాళ్ళు జింకు పూత అని డబ్బులు తీసుకుని వెండిరంగు పెయింటు కొట్టి ఇచ్చారు. ఒక్క వర్షాకాలానికే వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు పొక్కింది. మళ్ళీ విప్పించి అసలైన గాల్వనైజింగు చేయించాను. కొలతలు మాత్రం బాగా తీశారు, ఆ మాట చెప్పాలి. పడవ అంచుల మీద ఆనుతుంది, అడుగు మీద బరువు పడదు. మొత్తం బరువులో పదో వంతు లోపు కారు కొక్కెం మీద పడేలా పడవని ముందుకి జరుపుకోవాలి, లేకపోతే ట్రైలరు తోకాడిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలరు కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోండి.

రేవు వాలుగా ఉండాలి. మెట్ల రేవులో ట్రాలీ దిగదు. నేను దింపే చోట ఒక వలల తాత రోజూ ఉంటాడు. మొదట్లోనే చెప్పాడు: "పాటు మొదలయ్యాక దిగకమ్మా. గాలి పడిపోయిందంటే మొగకి తోలుకుపోద్ది." మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. ఆ మాట పట్టుకునే దిగుతున్నాను. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచి నది ఎగువకి వీస్తుంది. పోటు మీద దిగి, ముందు గాలికి ఎదురుగా అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ వెళ్తే, ఒళ్ళు అలిసే వేళకి గాలివాటున తేలిగ్గా వచ్చేయొచ్చు. ఇసుక మేట తగిలితే మధ్యలో ఉన్న డాగర్‌బోర్డు పలకని చేత్తో పైకి లాగితే చాలు, బరువు లేని పడవ కాబట్టి దాటేస్తుంది. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ బాగా కింద ఉంటుంది, మలుపులో వంగకపోతే తల పగులుతుంది. ఎప్పుడూ తడుస్తూనే ఉంటాం. ఇద్దరు పెద్దవాళ్ళకి చోటు చాలదు. పిల్లల్ని ఎక్కించుకుని కబుర్లు చెప్పుకుంటూ తిరగాలంటే ఇది మీ పడవ కాదు. లైఫ్ జాకెట్ లేకుండా రేవు దగ్గర కూడా ఎక్కొద్దు. వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వస్తే నది వంక చూడొద్దు. నేనైతే ఎర్రనీరు కనపడ్డప్పుడే పడవని పెరట్లో బోర్లించి కట్టేస్తాను.

ఒక కొత్త బుల్లెట్ బండి ధరకి పడవ, ట్రైలరు కలిపి అమిరాయి. ఒంటరిగా గాలితో తిరగాలని కోరిక ఉన్నవాళ్ళు ధైర్యంగా కొనండి. డబ్బు ఇచ్చే ముందు చుక్కాని, డాగర్‌బోర్డు, పడవ వెనక నీళ్ళు వదిలే బిరడా అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. ఆ బిరడా మన ఊళ్ళలో ఎక్కడా దొరకదు. రెండు తెప్పించుకుని ఒకటి లైఫ్ జాకెట్‌కి కట్టి ఉంచుకోండి.