నాలుగు కాళ్ల చేతికర్ర: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి తూలి గోడ పట్టుకున్నారంటే, పిల్లలు వెంటనే మెడికల్ షాపుకెళ్లి నాలుగు కాళ్ల అల్యూమినియం చేతికర్ర తెచ్చేస్తారు. ధర ఆరేడు వందల నుంచి పన్నెండు వందల దాకా ఉంటుంది. వస్తువు మంచిదే. కానీ "నాలుగు కాళ్లున్నాయి, పడదు" అన్న షాపువాడి మాట నమ్మి, ఎత్తు కూడా సరిచేయకుండా చేతికిస్తే ఆ కర్రే పడేస్తుంది.

పక్షవాతంతో ఒక వైపు బలం తగ్గినవాళ్లకు, మోకాలో తుంటో నొప్పి పెట్టి ఒక కాలిమీద పూర్తి బరువు మోపలేనివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఒంటికాలి కర్ర కన్నా దీనిమీద ఎక్కువ బరువు వేయొచ్చు. వదిలేసినా తనంతట తాను నిలబడుతుంది కాబట్టి, జారిపోయిన కర్ర కోసం వంగి తల తిరిగే ప్రమాదం కూడా తప్పుతుంది. రెండు కాళ్లూ బలహీనంగా ఉంటే మాత్రం ఇది చాలదు, వాకర్ కావాలి. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉండి అడుగు పడక ఆగిపోయేవాళ్లకు నాలుగు కాళ్లనూ సమంగా మోపడమే ఇంకో భారం. వాళ్లకు ఫిజియోథెరపిస్టు చెప్పకుండా కొనొద్దు. చురుగ్గా నడుస్తూ కాస్త ఊతం కోరుకునేవాళ్లకు ఒంటికాలి కర్రే మేలు. త్వరగా నడిస్తే దీని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనవు, వెనక రెండు ముందుగా తగిలి కర్ర ఊగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. ఇంట్లో రోజూ వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలేయమనండి. నేల నుంచి మణికట్టు మడత దాకా ఎంతుందో, పిడి అంత ఎత్తులో ఉండాలి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి ఇది సుమారు 30 అంగుళాలు వస్తుంది. పిడి పట్టుకున్నాక మోచెయ్యి కొద్దిగా, 20 డిగ్రీల అటూ ఇటూ వంగాలి. కర్ర పొడవైతే భుజం పైకి లేస్తుంది, దానిమీద బరువు వేయలేరు. పొట్టిదైతే మనిషి ముందుకు వంగిపోతారు, నడుం నొప్పి, తూలుడు రెండూ ఎక్కువవుతాయి.

గొట్టం మీద అంగుళానికో రంధ్రం, అందులోంచి బయటికొచ్చే చిన్న స్టీలు బటన్ ఉంటాయి. ఎత్తు మార్చాక ఆ బటన్ టక్కున పూర్తిగా బయటికి రావాలి. సగంలో ఇరుక్కుంటే బరువు పడగానే కర్ర కిందికి దిగిపోతుంది. వేలితో తడిమి చూసి, కింద కాలర్ నట్టు (గొట్టాన్ని చుట్టి బిగించే మర) ఉంటే బిగించాలి. నడుస్తుంటే టకటకమని చప్పుడొస్తోందంటే అది వదులైనట్టే.

ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకొకటుంది. నాలుగు కాళ్లలో రెండు గొట్టానికి దగ్గరగా, రెండు బయటికి చాచుకుని ఉంటాయి. చాచిన వైపు ఒంటికి దూరంగా ఉండాలి. తిరగబడితే ప్రతి అడుగుకీ పాదం వాటికి తగులుతుంది. కర్ర పట్టాల్సింది బాగున్న కాలి వైపు చేత్తో. ముందు కర్ర, తర్వాత నొప్పి కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. కుర్చీలోంచి లేచేటప్పుడు కర్రను లాగి లేవొద్దు, ఒరిగిపోతుంది. కుర్చీ చేతుల్ని నొక్కి లేచి, నిలదొక్కుకున్నాకే అందుకోవాలి.

మన ఇళ్లలో దీనికి అసలు పరీక్ష గడప దగ్గర. రెండు కాళ్లు గడప మీద, రెండు నేల మీద పడితే కర్ర ఊగుతుంది, నాలుగూ అవతలికి దాటించాకే బరువు వేయాలి. మెట్ల మీద పెద్ద బేస్ (నాలుగు కాళ్లూ పరుచుకున్న అడుగు భాగం) పట్టదు. చిన్న బేస్ కొనండి, అదీ పట్టకపోతే అడ్డంగా తిప్పి పెట్టాలి, రెండో చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. తడి బాత్రూంలో దీన్ని నమ్ముకోవద్దు, అక్కడ గోడకు స్క్రూలతో బిగించిన స్టీలు రాడ్ ఉండాల్సిందే.

అడుగున రబ్బరు బుష్‌లను నెలకోసారి తిరగేసి చూడండి. గీతలు అరిగి నున్నగా అయినా, ఒక అంచు తినేసినట్టున్నా నాలుగూ కలిపి మార్చేయాలి. ఒక్కటే మారిస్తే ఎత్తులో తేడా వచ్చి కర్ర కుంటుతుంది.

కర్ర ఊతమిస్తుందే గాని కాళ్లకు బలం ఇవ్వదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతిలో వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున కాళ్ల బలానికీ బ్యాలెన్స్‌కూ వ్యాయామాలు, రెండుసార్లు నడక ఉంటాయి. పరిశోధనల్లో దానివల్ల పడిపోవడం సుమారు 35 శాతం తగ్గింది. అందులోవే కొన్ని: వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం 10 సార్లు, రెండు విడతలు, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి 10 సెకన్లు నిలబడటం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట్లో పక్కన ఒకరు ఉండాలి.

కొనేముందు షాపులోనే కర్రను చదునైన నేలమీద నిలబెట్టి, పిడి మీద అరచేత్తో గట్టిగా నొక్కండి. కర్ర కాళ్లలో ఏదైనా లేస్తే అది వద్దు, ఇంకోటి అడగండి. విడి బుష్‌లు దొరకని మోడల్ ఎంత చవకైనా తీసుకోవద్దు.