పట్టికల రిపోర్టా, కథలా చెప్పే రిపోర్టా?

గుంటూరు మిర్చి యార్డు ధరల మీద రిపోర్టు రాయాలనుకోండి.

శ్రమ: పట్టికలైతే ఎక్సెల్‌లో గంట పని. కథకి రోజు పడుతుంది. ఏ అంకెలు వదిలేయాలో తేల్చుకోవడానికే సగం పోతుంది.

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

రిస్క్: పట్టికల్లో అసలు విషయం ఎవరి కంటా పడకపోవచ్చు. కథలో ప్రమాదం వేరు. "కోల్డ్ స్టోరేజీల్లో సరుకు పేరుకుంది, అందుకే తేజ రకం మిర్చి రేటు పడింది" అని రాస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ అసలు కారణం ఎగుమతులు తగ్గడమేమో! ఆ 'అందుకే' దగ్గర నేనైతే రెండుసార్లు ఆగుతాను. కథలో పెట్టే బార్ చార్టు కూడా సున్నా నుంచి మొదలవకపోతే చిన్న తగ్గుదల కూడా పాతాళంలా కనిపిస్తుంది.

లెక్క మళ్లీ సరిచూసే ఆడిటర్‌కి పట్టికలే ఇవ్వండి. సరుకు ఇప్పుడు అమ్మాలా, ఆపాలా అని అడిగే వ్యాపారికి కథ చెప్పండి, పట్టిక చివర్లో జతచేసి.