ప్రగతిశీల పత్రికకు ఊరికే రాసేవాళ్లా, డబ్బిచ్చి రాయించుకోవడమా: ఏది మేలు?

జిల్లా సమస్యల మీద నెలకో సంచిక తెద్దామని నలుగురు కూర్చుంటే మొదట వచ్చే మాట "డబ్బులెక్కడివి?" వెంటనే ఇంకొకరు "మనవాళ్లు ఊరికే రాస్తారులే" అంటారు. తెలుగులో వామపక్ష, స్త్రీవాద, దళిత పత్రికలు చాలావరకు ఈ భరోసా మీదే నడిచాయి. 1966లో వరంగల్లు నుంచి మొదలైన 'సృజన' 1992 దాకా వచ్చింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన విప్లవ కవి వరవరరావు జైల్లో ఉన్నప్పుడు సంపాదకురాలిగా ఆయన భార్య హేమలత పేరు వేసి నడిపారు, ఆమె కూడా కేసులు ఎదుర్కొన్నారు. అలాంటి పత్రికకు రాసేవాళ్లు చెక్కు వస్తుందని రాయరు కదా!

ఊరికే రాసేవాళ్లతో ఉన్న పెద్ద లాభం, వాళ్లను ఆపడానికి పట్టుకునే జుట్టు ఎవరి చేతిలోనూ ఉండదు. పెద్ద పత్రికల మండల కంట్రిబ్యూటర్ సంగతి చూడండి. వచ్చేది అంతంతమాత్రం, పైగా ఇన్ని ప్రకటనలు తేవాలన్న యాడ్ టార్గెట్ టెన్షన్. ఆగస్టు 15కి శుభాకాంక్షల ప్రకటన ఇచ్చే రైసుమిల్లు యజమాని హమాలీలకు కూలి ఎగ్గొడితే, ఆ వార్త ఎలా రాస్తాడు? రాసినా ఆ ఏడాది ప్రకటన పోతుంది, మరుసటి ఏడాది తనూ ఉండడు. సాయంత్రం ఇంటికొచ్చి రాసుకునే లెక్చరర్‌కు ఈ బాధ లేదు.

అయితే ఆ లెక్చరర్ ప్రభుత్వ ఉద్యోగి అయితే వేరే బాధ ఉంది. ప్రవర్తనా నియమావళి ప్రకారం కథలు, కవితలు రాసుకోవచ్చు గానీ ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదు. కలం పేరు పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కేంద్ర ఉద్యోగుల 1964 నియమాల్లోనైతే, మారుపేరుతో రాసినా, అసలు పేరే లేకుండా రాసినా వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. కాబట్టి ఊరికే రాసేవాళ్లంతా స్వతంత్రులే అనుకోవడం సగమే నిజం.

నాకు దీనికన్నా పెద్ద ఇబ్బందిగా కనిపించేది వేరే. జీతమో పెన్షనో వచ్చేవాళ్లే ఊరికే రాయగలరు. అందుకే మన చిన్న పత్రికల విషయసూచిక చూస్తే లెక్చరర్లు, లాయర్లు, రిటైరైన ఉద్యోగులు కనిపిస్తారు. కౌలు రైతు గురించి వ్యాసం ఉంటుంది, కౌలు రైతు రాసింది ఉండదు.

దీనివల్ల వచ్చే తేడా చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఊరికే రాసే మేధావి చట్టం చదివి, సెక్షన్లు చెప్పి, అమలు బాగాలేదని ముగిస్తాడు. తప్పు కాదు, కానీ అది ఆఫీసులో కూర్చుని కూడా రాయొచ్చు. ఊళ్లోకి వెళ్లి ఒక పూట కూర్చుంటే యజమాని ఎందుకు సంతకం పెట్టడో బయటపడుతుంది. కాగితం మీద ఇంకొకరి పేరు పడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. సంతకం పెట్టినా, అదే పొలం మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకువాళ్లు కౌలు రైతును తిప్పి పంపుతారు. ఇది తెలుసుకుని రాసేది ఆ ఊరి మనిషే అయితే ఇంకా బాగుంటుంది. కానీ ఆ మనిషికి ఒక రోజు పోతే కూలి పోతుంది. ఉపాధి హామీ పనికే 2025-26లో రోజుకు 307 రూపాయలు. "ఉద్యమం కోసం" అని ఆయన్ను ఊరికే రాయమనడానికి నాకైతే నోరు రాదు.

డబ్బిచ్చి రాయించినవాళ్ల దారి ఎలా ఉందో చూడటానికి ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' పత్రిక ఉంది. దళిత, ఆదివాసీ, ముస్లిం మహిళలను విలేకరులుగా తయారు చేసి, వాళ్లకది ఉద్యోగం అయ్యేలా నడిపారు. మన చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే విలేకరులుగా 'నవోదయం' వచ్చింది. బాల్యవివాహాల మీదా, సారా మీదా ఆ ఊళ్ల ఆడవాళ్లే రాస్తే వచ్చే బలం వేరు. కాకపోతే ఇలాంటివాటికి విరాళమో, ప్రభుత్వ పథకం అండో కావాలి. ప్రభుత్వ డబ్బుతో నడిచే పత్రిక ఆ ప్రభుత్వాన్నే ఎంతవరకు నిలదీస్తుందన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

2014 చివర్లో జర్నలిస్టు పి. సాయినాథ్ మొదలుపెట్టిన 'పరి' (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) అనే వెబ్‌సైట్ రెండూ కలిపింది. గ్రామాల్లో తిరిగి రాసేవాళ్లకు ఫెలోషిప్‌లు ఇస్తూనే, తెలుగుతో సహా చాలా భాషల్లోకి అనువాదాలకు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల సాయం తీసుకుంది. పార్టీ దినపత్రికల సంగతి ఇక్కడికి తేను. వాళ్లకు పూర్తికాలం కార్యకర్తలుంటారు, ఆ లెక్కే వేరు.

నన్నడిగితే విశ్లేషణ వ్యాసాలకు డబ్బు అక్కర్లేదు. రాసేవాడికి జీతముంది, పేరొస్తుంది, అది చాలు. ఊళ్లోకి వెళ్లి రాసేవాళ్లకు మాత్రం బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఇచ్చి తీరాలి. కానీ ఆ రెండింటికన్నా ముందు, మొదటి జీతం వ్యాసాలు చదివి దిద్దేవాళ్లకు వెళ్లాలంటాను. ఊరికే రాసినదాన్ని ఊరికే దిద్దితే అంకెలు తప్పు పడతాయి, జీవో తేదీలు తారుమారవుతాయి, ఎవరి మీద ఆరోపణ చేశామో వాళ్ల వివరణ అడగకుండానే వ్యాసం అచ్చుకు వెళ్లిపోతుంది. పరువునష్టం నోటీసు వస్తే రాసినవాడితో పాటు సంపాదకుడూ, ప్రచురణకర్తా జవాబు చెప్పుకోవాలి. "ఈ లెక్క ఎక్కడిది మాస్టారూ?" అని ఫోన్ చేసి అడిగే ఒక్క మనిషి ఉంటే ఇవన్నీ సగం తగ్గుతాయి. రాసినవాడు పెద్దాయన అయితే కాస్త కోపగించుకుంటాడు, ఏం పర్లేదు.

దానికి డబ్బు చాలదంటారా? సంచికలో ఒక ఫారం (కలిపి అచ్చయ్యే పేజీల కట్ట) తగ్గించండి. పేజీలు నింపడం కోసం వేసే సభల ఉపన్యాసాలు ఎలాగూ ఎవరూ చదవరు.