పిల్లి షుగరుకు మనుషుల గ్లూకోమీటరు

మందుల షాపులో దొరికే గ్లూకోమీటరు పిల్లికీ పనికొస్తుంది. చెవి అంచున గుచ్చితే వచ్చే చుక్క చాలు. అంకె అసలుకన్నా కాస్త తక్కువ చూపిస్తుంది, కాబట్టి అంకెలు పోల్చుకోవడానికి ఎప్పుడూ ఒకే మీటరు వాడండి. విశాఖ తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి, డబ్బా మూత వెంటనే బిగించాలి.

మీటరు అసలు విలువ వేరే: ఇన్సులిన్ పనిచేయకపోతే పట్టిస్తుంది. ఇన్సులిన్ డోసు పూటకి కిలో బరువుకు 1.5 యూనిట్లు దాటినా షుగరు 300 దిగకపోతే ముందు సిరంజి చూడండి. యూ-40 (మిల్లీలీటరుకు 40 యూనిట్ల) ఇన్సులిన్‌ను యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్ల) సిరంజితో అదే గీత దాకా తీస్తే డోసు సగం కూడా అందదు. సిరంజి సరైనదే అయి, షుగరున్నా పిల్లి బరువెక్కుతూ, మొహం వెడల్పవుతుంటే ఆక్రోమెగలీ (గ్రోత్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) అనుమానించాలి. దీన్ని పట్టే ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల పెరిగే మరో హార్మోన్) రక్తపరీక్ష ఇన్సులిన్ మొదలైన 6-8 వారాలకు చేయిస్తేనే మేలు. తొందరపడితే అంకె తక్కువగా వచ్చి మోసపోతాం. పొట్ట జారి, చర్మం కాగితంలా చిరుగుతుంటే మాత్రం అనుమానం కుషింగ్స్ (కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) మీద.