పడవకి బిగించే రాడ్ హోల్డర్ కొంటున్నారా, ఫొటో చూసి మోసపోకండి

క్యాట్‌ఫిష్ కోసం పడవ మీద సరస్సులోకి వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో క్లాంప్ టైపు రాడ్ హోల్డర్ (గాలం కర్రని పట్టి ఉంచే స్టాండు) ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి ప్లీజ్. ఫుల్ మెటల్ అని రాశారు, ఫొటోలో కూడా అలాగే మెరుస్తోంది, తీరా వచ్చింది వెండి రంగు కొట్టిన ప్లాస్టిక్. బిగించే స్క్రూ ఒక్కటే ఇనుము. రాడ్ వాలు మార్చుకోడానికి లోపలుండే పళ్ల చక్రం కూడా ప్లాస్టిక్కే, కొంప ముంచింది అదే. పెద్ద చేప ఒక్క గుంజు గుంజగానే పళ్లు చెక్కుకుపోయి హోల్డర్ నీళ్లవైపు వాలిపోయింది, రాడ్ రీలుతో సహా జారి మునిగిపోయింది. అమ్మినవాళ్లని అడిగితే ఎక్కువ లోడ్ పెట్టారు, వారంటీ రాదు అన్నారు. ఆ లోడ్ ఆపడమే కదండీ దాని పని!

క్యాట్‌ఫిష్‌కి ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే, సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగి ఉండే గాలం ముల్లు) వేసినప్పుడు మనం రాడ్ అందుకుని గుంజకూడదు, చేప ఎర నోట్లో పెట్టుకుని పక్కకి తిరిగి వెళ్తుంటే హుక్ దానంతటదే మూతి మూలన దిగుతుంది, అందాకా రాడ్ హోల్డర్‌లోనే ఉండాలి, అంటే మొదటి దెబ్బంతా హోల్డరే తట్టుకోవాలి. లంగరు వేసి కూర్చుంటే కొంత నయం, గాలికి పడవని మెల్లగా వదిలి అడుగున ఎర ఈడ్చేటప్పుడు హుక్ ఏ మొద్దుకో తగులుకుందంటే పడవ బరువు కూడా దాని మీదే పడుతుంది. బ్రెయిడెడ్ లైన్ (పోగులు అల్లి చేసిన గాలం దారం) దాదాపు సాగదు కాబట్టి కుదుపు నేరుగా వచ్చి తగులుతుంది.

అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు, నమ్మకండి, అల్యూమినియానికి అసలు అంటుకోదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంతే. అడుగున కనపడని చోట కాస్త గీకి చూడండి. రిటర్న్ గడువు లోపే గట్టి బల్లకి బిగించి, రాడ్ పెట్టి, లైన్ పట్టుకుని కిందకీ పక్కలకీ లాగండి, కొంచెం తిరిగినా వెనక్కి పంపెయ్యండి. దాంతోపాటు ఫ్రీగా వచ్చే, ఎరకి రాసే సెంటు సీసా చూసి టెంప్ట్ అవ్వొద్దు, క్యాట్‌ఫిష్‌కి మీసాల మీదే కాదు ఒంటి నిండా రుచి తెలుస్తుంది, తాజాగా కోసిన చేపముక్క చాలు.

ఇప్పటికే కొనేసినవాళ్లు డ్రాగ్ (చేప లాగితే రీలు నుంచి లైన్ ఎంత తేలిగ్గా వదలాలో సరిచేసే బిగింపు) కాస్త వదులుగా పెట్టి, రాడ్ పిడికి తాడు కట్టి పడవకి ముడెయ్యండి. అదే ఫొటోతో వేరే వేరే పేర్ల మీద కూడా అమ్ముతున్నారు, కొనేముందు లోపలి పళ్ల చక్రం ఫొటో పంపమని అడగండి, పంపకపోతే వదిలెయ్యండి.