గంటస్తంభం దగ్గర చీరల షాపు: జాకెట్లు బాగా కుడుతున్నారు, నవ్వేవాళ్లే మారాలి

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఉంది ఈ షాపు. పొందూరు ఖద్దరు, మంగళగిరి కాటన్ చీరలు మంచివి దొరుకుతాయి, రేట్లు మరీ తక్కువేం కాదు. ఫాల్, పికో అక్కడే చేసిస్తారు.

అసలు చెప్పాల్సింది జాకెట్లు కుట్టే అబ్బాయి గురించి. చుడీదార్, చున్నీ, బొట్టు, గాజులతో డ్యూటీకి వస్తాడు. కొలతలు ఓపిగ్గా అడుగుతాడు, చంక కింద పట్టెయ్యదు, భుజం జారదు, ఇంత శుభ్రంగా కుట్టేవాళ్లు మా వైపు తక్కువ.

కానీ వచ్చినవాళ్లలో కొందరు అతన్ని చూసి నవ్వుతున్నారు, ఒకాయనైతే ఫోన్‌లో వీడియో తీశాడు. అదే షాపులో సేల్స్‌మన్ చీర తనకే చుట్టుకుని కుచ్చిళ్లు పెట్టి చూపిస్తుంటే మాత్రం వీళ్లే "పమిట ఇంకొంచెం పొడుగ్గా వెయ్యి బాబూ" అంటారు! నాటకాల్లో ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వస్తే గొప్పగా చెప్పుకున్న జాతి మనది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా, మనిషి తన జెండర్‌ను బట్టల ద్వారా చెప్పుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. స్టేజీ మీద ఒప్పుకున్నది కుట్టుమిషన్ ముందు ఎందుకు ఒప్పుకోం?

ఓనరమ్మ ఆ వీడియో అక్కడే డిలీట్ చేయించింది, అది నాకు చాలా నచ్చింది. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు ముందే ఇచ్చేయండి, లేటవుతుంది. బండి పెట్టడానికి చోటు లేదు.